భూగర్భ చమురు గొట్టాల రక్షణలో భూస్పందన గ్రాహకాల పాత్ర

1. ఉపోద్ఘాతం

2019 జనవరి 18న మెక్సికోలోని హిడాల్గో రాష్ట్రం, త్లావెలిల్పన్ వద్ద పొలాల్లో భూగర్భ గొట్టానికి దొంగలు వేసిన రంధ్రం నుంచి పెట్రోలు పైకి చిమ్మింది. ఆ గొట్టం ప్రభుత్వ చమురు సంస్థ పెమెక్స్‌కు చెందినది. వందలాది మంది డబ్బాలతో, బకెట్లతో అక్కడికి చేరారు. సైనికులు వచ్చినా జనాన్ని ఆపలేకపోయారు. సుమారు రెండు గంటల తరువాత మంటలు లేచి 137 మంది మరణించారు. గొట్టానికి రంధ్రం పడిన తరువాత ప్రమాదాన్ని అదుపు చేయడం ఎంత కష్టమో ఈ దుర్ఘటన తెలియజేస్తుంది. రంధ్రం పడకముందే హెచ్చరించగల భూస్పందన గ్రాహకాల పనితీరును, వాటి పరిమితులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రవాహ కొలతల పరిమితి

గొట్టంలోకి పంపిన చమురును, చివరన అందిన చమురును పోల్చడం, పీడనంలో మార్పులను గమనించడం వాడుకలో ఉన్న పద్ధతులు. పెద్ద లీకులను ఇవి పట్టుకుంటాయి. కానీ దొంగలు చిన్న కవాటం అమర్చి కొద్దికొద్దిగా తీసుకుంటే, ఆ తేడా కొలత పరికరాలకు సహజంగా ఉండే లోపంలో కలిసిపోతుంది. పైగా, ఇవి చెప్పేది జరిగిపోయిన నష్టం గురించే.

3. నేల ద్వారా అందే సమాచారం

భూమిలో ఉన్న గొట్టాన్ని చేరాలంటే ముందు తవ్వాలి. గునపం పోటు, పార దెబ్బ, అడుగుల చప్పుడు నేలలో కంపనాలుగా వ్యాపిస్తాయి. జియోఫోన్ అనే గ్రాహకంలో అయస్కాంతం, స్ప్రింగుకు వేలాడే తీగచుట్ట ఉంటాయి. నేల కదిలినప్పుడు ఈ రెండింటి మధ్య కలిగే సాపేక్ష చలనం విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది. ఒకే కంపనం వేర్వేరు జియోఫోన్లకు చేరిన సమయాల్లోని తేడాను బట్టి తవ్వకం ఎక్కడ జరుగుతోందో అంచనా వేయవచ్చు.

రెండవ పద్ధతిలో గొట్టం వెంట పాతిన ఆప్టికల్ ఫైబర్ తీగే గ్రాహకమవుతుంది. తీగలోకి పంపిన లేజర్ కాంతిలో అత్యల్ప భాగం దారి పొడవునా వెనక్కి చెదురుతుంది. కంపనం తగిలిన చోట ఆ కాంతి స్వభావం మారుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అందువల్ల తిరిగివచ్చే కాంతి 1 మైక్రోసెకను ఆలస్యమైతే, దూరం 100 మీటర్లు పెరిగినట్లు లెక్క. ఒక్క యంత్రంతో పదుల కిలోమీటర్ల దూరాన్ని ఇలా కనిపెట్టవచ్చు.

4. రైతుకూ దొంగకూ మధ్య తేడా

కంపనాన్ని పట్టుకోవడం కంటే దాని అర్థం తెలుసుకోవడం కష్టం. అడుగులు క్రమమైన లయతో, ట్రాక్టరు ఎడతెగని మోతతో, తవ్వకం విడివిడి దెబ్బలతో వినిపిస్తాయి. వాన, పశువులు, దగ్గరి రైళ్లు ఈ గుర్తులను చెరిపివేస్తాయి. నేల స్వభావాన్ని బట్టి కూడా సంకేతం మారుతుంది; వదులుగా ఉన్న పొడి ఇసుకలో అది త్వరగా క్షీణిస్తుంది. అందుచేత గ్రాహకాలను అమర్చిన ప్రతి చోటా స్థానిక శబ్దాలతో వాటిని సరిచూసుకోవాలి.

ఈ సమస్య మనకూ వర్తిస్తుంది. విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వరకు పెట్రోలియం ఉత్పత్తుల గొట్టం సాగుతోంది. భారతదేశంలో 1962 నాటి పెట్రోలియం గొట్టాల చట్టం ప్రకారం సంస్థకు లభించేది భూమిని వినియోగించుకునే హక్కు మాత్రమే, యాజమాన్యం రైతుదే. అక్కడ బావి తవ్వడం, కట్టడం నిర్మించడం, చెట్టు నాటడం నిషిద్ధమైనా సాగు కొనసాగుతుంది. కాబట్టి ప్రతి దుక్కికీ మోగే వ్యవస్థ కాపలాదారులను అలసిపోయేలా చేస్తుంది, నిర్దోషులైన రైతులను అనుమానానికి గురిచేస్తుంది. రెంటికీ ఫలితం ఒకటే: నిజమైన హెచ్చరిక వచ్చిన రోజున దానిని ఎవరూ పట్టించుకోరు.

5. ముగింపు

భూస్పందన గ్రాహకం తవ్వకానికీ రంధ్రానికీ మధ్య ఉన్న కొద్ది వ్యవధిని మనకు అందిస్తుంది. ఆ వ్యవధిలో సిబ్బంది అక్కడికి చేరగలిగితేనే దానికి సార్థకత. కనుక గ్రాహకాల ఏర్పాటుతో పాటు చేరువలో గస్తీ బృందాలు, పొలం పనుల వివరాలు ముందుగా తెలిపే రైతుల సహకారం అవసరం. గొట్టం మీది నేలను నిత్యం చూసేది వారే.