కేబుల్ సముద్రంలోంచి, భూమి డీ-పట్టాలోంచి

గాజువాకలో ఆర్-కార్డు అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉక్కు ఫ్యాక్టరీకి భూమి పోయిన కుటుంబానికి, ఉద్యోగం ఇస్తామంటూ చేతికిచ్చిన కాగితం అది. సోవియట్ సాంకేతిక సహకారంతో ప్లాంటు లేచింది. కార్డున్న వేల మందికి ఉద్యోగం నేటికీ రాలేదు.

ఈసారి వస్తున్నది అమెరికా కంపెనీ. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని 2025 అక్టోబర్ 14న గూగుల్ ప్రకటించింది. సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరేదీ ఇక్కడే. డేటా సెంటర్ సామర్థ్యం గిగావాట్ స్థాయిలో ఉంటుందన్నారు. అంటే పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యంలో సగం.

కేబుళ్ల వెనుక విదేశీ బేరాలు చిన్న దీవుల దేశాలకు కొత్త కాదు. పసిఫిక్‌లోని సోలమన్ దీవులు చైనా కంపెనీ హువావేతో కేబుల్ వేయించుకోబోతే, ఆస్ట్రేలియా అడ్డుపడి ఎక్కువ ఖర్చు తానే పెట్టుకుంది. 2022లో అదే దేశం చైనా అప్పుతో 161 హువావే టవర్లకు ఒప్పుకుంది. చిన్నదైనా ఇద్దరి మధ్య బేరమాడగలిగింది. ఆనందపురం మండలం తర్లువాడలో డీ-పట్టా భూమి దున్నుకునే దళిత రైతుకు ఆ వీలేదీ? భూమి అడిగేదీ, ధర కట్టేదీ ప్రభుత్వమే.

'ప్రభుత్వం ఇచ్చిన భూమే కదా, తీసుకుంటే తప్పేంటి?' అనే మాట చదువుకున్నవాళ్ల నోటా వింటాం. అది తప్పు. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది పేదల చేతిలోంచి అది జారిపోకూడదని, సర్కారు ఊరికే లాక్కోవడానికి కాదు. మేకల పాండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది: ప్రజా ప్రయోజనానికి అసైన్డ్ భూమి వెనక్కి తీసుకున్నా, సొంత పట్టాదారుతో సమానంగా పరిహారం, సొలేషియంతో సహా ఇవ్వాలి.

2013 భూసేకరణ చట్టం ఇంకో అడుగు వేసింది. భూమి అసైన్ అయిన కుటుంబమే కాదు, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూముల మీదే ప్రధానంగా బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు కూడా బాధిత కుటుంబాలే. కూలీ పేరు మాత్రం ఏ పాస్‌పుస్తకంలోనూ ఉండదు, అక్కడే మోసపోతాం. పైగా 2018లో రాష్ట్రం చేసిన సవరణ, కొన్ని ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి తప్పించే వీలిచ్చింది.

కాబట్టి ఊళ్లోకి వెళ్లే విద్యార్థులు సమాచార హక్కు దరఖాస్తులో మూడు కాగితాలు అడగాలి: ప్రభావ అంచనా నివేదిక, లేదంటే మినహాయింపు ఉత్తర్వు, గ్రామసభ తీర్మానం, బాధితుల జాబితా. జాబితా చేతికొచ్చాక పేటలో అందరి ముందూ పైకి చదవండి. ఎవరి పేరు లేదో వాళ్లే చెబుతారు.