ఆటల ఫోనుకు విలువ కట్టుట ఎట్లు?

అనకాపల్లి జిల్లాలో, అచ్యుతాపురం మండలమున, సముద్రపు టొడ్డున నున్న పెద్ద మత్స్యకార గ్రామము పూడిమడక. ఏటేట ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు, అనగా 61 దినములు, తూర్పు తీరమంతటను మోటారు పడవలతో వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వాటిని విడిచిపెట్టవలెనని ఈ ఏర్పాటు. ఆ రెండు నెలలును పడవలు ఇసుకపైననే యుండును. బడులకు సెలవులు. ఎండ మిక్కుటము. చేతిలో ఫోనున్న కుర్రవారికి అది ఆటల కాలము.

వేట లేని ఆ దినములకై మత్స్యకార కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వ మిచ్చు భృతి 2025లో 10,000 రూపాయల నుండి 20,000 రూపాయలకు పెరిగినది. ఆటల కొరకే ప్రత్యేకముగా చేసిన ఫోను వెల ఆ భృతికి రెండింతలో, మూడింతలో యుండును. కుమారుడు కొనుమనును. దుకాణదారు అంకెలు ఏకరువు పెట్టును. తండ్రికి ఆ అంకెలలో ఏది ముఖ్యమో తెలియదు. వానిలో వేటిని నమ్మవచ్చునో, వేటికి మన తీరమున విలువ లేదో చెప్పుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ఆటల ఫోను అను ఊహ క్రొత్తది కాదు. నోకియా సంస్థ 2003లోనే ఎన్-గేజ్ అను పేర నొకదానిని తెచ్చినది. అది అంతగా చెల్లలేదు. 2017లో రేజర్ సంస్థ, 2018లో ఆసుస్ సంస్థ ఈ పనికి పూనుకొనిన పిమ్మట ఇది యొక ప్రత్యేక జాతిగా స్థిరపడినది. ఆసుస్ వారి మొదటి రోగ్ ఫోను 2018 నవంబరులో మన దేశమునకు వచ్చినపుడు దాని వెల 69,999 రూపాయలు. అంతకు మూడేండ్ల క్రితము, 2015 ఆగస్టులో, మన శ్రీసిటీలో కూర్చిన షియోమీ వారి ఫోనును విశాఖపట్టణములో విడుదల చేసినపుడు దాని వెల 6,999 రూపాయలు. నడుమ నొక తొమ్మిది చేరినది. ఆ తొమ్మిదికి ప్రతిఫలముగా వచ్చిన దేమి?

మెదడు వంటి చిప్పు అన్ని ఖరీదైన ఫోనులలోను ఇంచుమించు ఒక్కటియే. ఆటల ఫోనున అదనముగా నుండునవి వేగముగా మారు తెర, పెద్ద బ్యాటరీ, వేడిని వెలికి పంపు ఏర్పాటు, అంచులయందు వ్రేళ్లతో నొక్కుటకు మీటల వంటి తావులు. ఇంతే. వీనిలో మొదట తెరను చూతము.

సినిమా వలెనే ఫోను తెరపై కదలిక యనునది వరుసగా వచ్చు బొమ్మల వలన కలుగు భ్రమ. సామాన్యమైన తెర సెకండుకు 60 బొమ్మలు చూపును. ఒక్కొక్కటి సెకండులో వెయ్యింట 16.7 వంతులు నిలుచును. 120 బొమ్మల తెరపై 8.3 వంతులు. 144 బొమ్మల తెరపై 6.9 వంతులు. అనగా 60 నుండి 120కి పోయినచో లాభము 8.3 వంతులు, 120 నుండి 144కి పోయినచో 1.4 వంతులు మాత్రమే. మొదటి లాభము కంటికి తెలియును. రెండవదానికి వేలకొలది రూపాయలు పోయుట మాకు సబబుగా తోచదు. పైగా తెర 144 బొమ్మలు చూపగలిగినను, ఆట 60 మాత్రమే యిచ్చుచున్నచో తక్కిన శక్తి వ్యర్థము. కావున దుకాణములో అడుగవలసిన ప్రశ్న "తెర ఎంత?" అని కాదు, "మా వాడు ఆడు ఆట ఈ ఫోనులో ఎన్ని బొమ్మలిచ్చును?" అని.

ఇక అసలు విషయము వేడి. చిప్పు ఎంత వేగముగా లెక్కించునో అంత విద్యుత్తు త్రాగును, త్రాగిన విద్యుత్తంతయు వేడియగును. వేడి హద్దు మీరినచో ఫోను తనంతట తాను వేగము తగ్గించుకొనును. ఇది లోపము కాదు. లోపలి భాగములను, పట్టుకొనిన చేతిని కాపాడుకొను ఉపాయము. అయితే ప్రకటనలలో కనబడు వేగము మొదటి రెండు మూడు నిమిషములది. ఆట సాగునది అరగంట, గంట. పడవపందెములో ఒడ్డు నుండి మొదట దూసుకొనిపోయిన పడవయే గెలుచునని ఎవరును పందెము కాయరు కదా!

ఈ వేగపు మార్కుల విషయమున పెద్ద సంస్థలు సయితము మాట పడినవి. శామ్‌సంగ్ సంస్థ తన గెలాక్సీ ఎస్-4 ఫోను పరీక్షలలో మాత్రము అధిక వేగము చూపునట్లు చేసినదని అమెరికాలో వ్యాజ్యము నడచి, 2019లో 1 కోటి 34 లక్షల డాలర్ల రాజీతో ముగిసినది. 2022 మార్చిలో ఆ సంస్థ ఫోనులే ఆటలయందు వేగమును తగ్గించుచు, పరీక్షలయందు తగ్గించుట లేదని తేలగా, గీక్‌బెంచ్ వారు కొన్ని మాదిరులను తమ పట్టిక నుండి తొలగించిరి. చిప్పు పేరు చూచి కొనుటయు చాలదు. క్వాల్కమ్ వారి స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1 చిప్పు వేడికి పేరు మోసినది. దానినే స్వల్పమైన మార్పులతో వేరొక కర్మాగారమున చేయించి 2022 మే నెలలో 8 ప్లస్ జెన్ 1గా తెచ్చినపుడు విద్యుత్తు వ్యయము 30 శాతము వరకు తగ్గినదని ఆ సంస్థయే చెప్పినది. పేరులో ఒక్క ప్లస్ చేరినది. ఆడువాని అరచేతికి మాత్రము చాల తేడా.

మన తీరమునకు వర్తించు లెక్క యొకటి చెప్పెదము. వేడి వస్తువు నుండి గాలికి వేడి పోవుట, ఆ రెండింటి ఉష్ణోగ్రతల తేడాను బట్టి యుండును. ఫోను పైభాగము 45 డిగ్రీలకు చేరినచో చేత పట్టుట కష్టము. పరీక్ష జరుపు చల్లని గదిలో గాలి 25 డిగ్రీలు, తేడా 20. మే నెలలో పూడిమడక ఇసుకపై పాకలో గాలి 37 డిగ్రీలైనచో తేడా 8 మాత్రమే. అనగా చల్లని గదిలో పోవు వేడిలో ఇంచుమించు అయిదింట రెండు వంతులే ఇచ్చట పోవును. ఎంత గొప్ప చిప్పైనను ఆ మేరకు తలవంచవలసినదే. (ఉక్కపోత వలన బాధ మనకే, ఫోనుకు చెమట పోయదు కావున దానికి గాలి వేడిమియే లెక్క.) నగరములో ఎవరో చల్లని గదిలో కూర్చుండి మెచ్చుకొనిన ఫోను మన పాకలో నీరుగారిపోవుటకు కారణ మిదియే.

కనుక పరీక్ష యొక్కటియే. ఆ ఫోనునే కొన్నవారు ఊరిలో నున్నచో, మధ్యాహ్నము నీడ పట్టున, ఫంకా గాలి లేకుండ, తెర వెలుగు పూర్తిగా పెంచి, మీరు ఆడదలచిన ఆటనే అరగంట ఆడించి చూడుడు. సెకండుకు ఎన్ని బొమ్మలు వచ్చుచున్నవో చూపు సదుపాయము ఆటల ఫోనులలో నుండును. అయిదవ నిమిషమున ఎంత, ముప్పదవ నిమిషమున ఎంత? మొదట 90 చూపి పిమ్మట 50కి దిగిన ఫోను కంటె, మొదటి నుండి తుది వరకు 60 తప్పని ఫోను మేలు. సగటును కూడ నమ్మరాదు. నడుమ నడుమ తటాలున ఆగుట కలదా యని చూడవలెను. గురి పెట్టిన క్షణముననే బొమ్మ ఆగినచో సగటు వలన ప్రయోజన మేమి?

వేడిని పంపుటకు చేయు ఏర్పాటులలో ఆవిరి పెట్టె మంచిది. పలుచని రాగి రేకుల నడుమ కొద్దిపాటి నీరుండును. అది చిప్పు వద్ద ఆవిరియై, చల్లని ప్రక్కకు పోయి, మూత క్రింద ఆవిరి వలె మరల నీరై, వత్తి వంటి పొర గుండ వెనుకకు వచ్చును. కదలు భాగము లేదు, చెడునది లేదు. కొన్ని ఫోనులలో, 2019 నాటి రెడ్ మ్యాజిక్ 3 మొదలుకొని, లోపలనే చిన్న ఫంకా యున్నది. చల్లని గదులలో అది చక్కగా పనిచేయును. కాని సన్నని ఇసుక, ఉప్పు తేమ గల గాలిని ఫోను కడుపు గుండ త్రిప్పుట మా దృష్టిలో తెలివైన పని కాదు.

ఉప్పు మాట వచ్చినది కావున మరియొకటి. ఐపి 68 అను గుర్తు చూచి ఫోను సముద్రపు నీటికి చెడదని పలువురు భావించుచున్నారు. ఆ పరీక్ష జరుపునది మంచినీటిలో. ఉప్పునీరు ఛార్జరు పిన్ను గ్రుచ్చు చోటున నిలిచినచో లోహమును తినివేయును. ఆసుస్ వారి రోగ్ ఫోనులకు ఆ గుర్తు 2024 జనవరిలో వచ్చిన ఎనిమిదవ మాదిరితోనే లభించినది. ఉప్పునీరు తగిలినచో మంచినీటితో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతనే ఛార్జింగు పెట్టవలెను.

ఇతరులతో కలిసి ఆడు ఆటలలో సిగ్నలు మరియొక పెద్ద విషయము. మన వ్రేలు కదలిన వార్త టవరునకు, అచ్చటి నుండి దూర నగరములోని యంత్రమునకు పోయి తిరిగి రావలెను. సాఫీగా నున్నపుడు దానికి సెకండులో వెయ్యింట 40 లేక 50 వంతులు పట్టును. సాయంకాలము ఊరంతయు ఒక్కసారి ఫోనులు తెరచినపుడు అది 150కి పెరుగుటలో వింత లేదు. తెరలో 1.4 వంతుల లాభమునకై వేలు పోసి, టవరు వద్ద 100 వంతులు పోగొట్టుకొనుట ఏమి వ్యాపారము? ముందుగా ఇంటి వద్ద ఏ కంపెనీ సిగ్నలు బాగున్నదో చూచి, తరువాత ఫోను మాట తలపెట్టవలెను.

ధ్వని విషయము రేడియో శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. తీగ లేని చెవిపోగులలో శబ్దము కొంత ఆలస్యముగా వచ్చును. పాటకు ఫరవాలేదు, శత్రువు అడుగుల చప్పుడుకు పనికిరాదు. తీగ పెట్టు రంధ్రమున్న ఫోను ఆటకు మేలు.

బ్యాటరీ మాటకు వచ్చినచో, పూడిమడకలో అది ఆటతో ముగియు విషయము కాదు. 6000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీలో సుమారు 23 వాట్ గంటల శక్తి యుండును. పెద్ద ఆట 5 వాట్లు త్రాగినచో నాలుగున్నర గంటలలో ఖాళీ. ఇంట నున్న మంచి ఫోను ఒక్కటియే యైనపుడు, రాత్రి కుమారుడు ఆడి పడుకొనిన ఆ ఫోనునే తెల్లవారుజామున తండ్రి పడవపైకి కొనిపోవును. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలున్న తావులను, అలల స్థితిని తెలుపు సూచనలు, విశాఖపట్టణములోని తుపాను హెచ్చరికల కేంద్రము వార్తలు సిగ్నలు అందునంత మేర ఆ ఫోనులోనికే రావలెను. ఆపద వేళ ఒడ్డుకు పలుకరించుటయు దానితోనే. అప్పుడు బ్యాటరీ పది శాతమున్నచో సెకండుకు 144 బొమ్మలు ఎవరికి కావలెను? రెండు పనులకు ఒకే ఫోను కొనువారు ఆటకు వేరు హద్దు పెట్టవలెను. లేదా పడవకు చవకైన రెండవ ఫోను, చిన్న ట్రాన్సిస్టరు విడిగా నుంచుకొనవలెను. మేమైతే రెండవ దారినే మెచ్చుదుము.

ఛార్జింగు పెట్టి ఆడుట బ్యాటరీకి కీడు. ఆట వేడికి ఛార్జింగు వేడి తోడగును. కొన్ని ఆటల ఫోనులలో విద్యుత్తు బ్యాటరీని తాకక సూటిగా ఫోనుకే పోవు ఏర్పాటు కలదు. ఆటల ఫోను ప్రత్యేకతలలో డబ్బుకు తగినది ఇది యని మా అభిప్రాయము.

ఒక్క ఆట కొరకే ఫోను కొనుటలో మరియొక చిక్కు కలదు. పబ్‌జీ మొబైలు 2020 సెప్టెంబరు 2న మన దేశమున నిషేధింపబడినది. దాని స్థానమున 2021 జూలైలో వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాను 2022 జూలైలో తొలగించి, 2023 మే నెలలో మరల అనుమతించిరి. ఆ పది నెలలు ఆ ఆటకై కొన్న ఫోనులు ఏమి చేసినవో కొన్నవారికే తెలియును. ఇక సొమ్ము గెలువవచ్చునని కొనువారికి ఒక్క మాట: పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు చట్టమును పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించినది.

ఇన్నియు తూచి చూచినచో, మా ఎన్నిక ఆటల ఫోను అను పేరు గలది కాదు. ఏడాది రెండేండ్ల నాటి మంచి చిప్పు, 120 బొమ్మల తెర, పెద్ద బ్యాటరీ గల సామాన్యపు ఫోను సగము వెలకు దొరుకును. మన ఎండలో దానికిని దీనికిని తేడా చల్లని గదిలో కనబడినంత యుండదు. ఆటనే వృత్తిగా పోటీలకు సిద్ధపడు వానికి మాత్రము ఖరీదైనది కొనుట తప్పు కాదు. ఏది కొన్నను డబ్బు చెల్లించుటకు ముందు మూడు సంగతులు అడిగి, బిల్లుతో పాటు వ్రాయించుకొనుడు: తెర పగిలినచో మార్చుటకు ఎంత, ఆ మరమ్మతు అనకాపల్లిలో అగునా లేక విశాఖకు పోవలెనా, భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు ఎన్ని యేండ్లు వచ్చును.