ఆబోతు వృషణములు వెలుపల ఏల వ్రేలాడును?

నల్లమల పాదమున మహానందీశ్వరుని కోవెలలో నందిని దర్శించి మరలివచ్చు బాలలు, దారిలో మేయుచున్న ఆబోతును చూచి, తక్కిన ముఖ్యావయవములెల్ల దేహములోపల దాగియుండగా వృషణములు మాత్రము సంచిలో వ్రేలాడుట ఎందులకని అడుగుదురు. అడుగుటలో సిగ్గుపడవలసినది లేదు.

ఎందుకు? పశువుల దేహోష్ణత సుమారు 38.5 డిగ్రీలు, వృషణములందు పుట్టు శుక్రకణములకు అంతకంటె 2 మొదలు 6 డిగ్రీలు తక్కువ వేడి కావలెను.

ఎలా? రాయలసీమ ఎండలకు సంచి సడలి వృషణములు క్రిందికి దిగును. చలికి కండరములు ముడుచుకొని వానిని దేహమునకు చేరువ చేయును. అంతియకాక, వేడి రక్తమును గొనిపోవు ధమని, చల్లని రక్తముతో మరలు సిరల అల్లిక నడుమ మెలికలు తిరుగుచు, తన వేడిని వానికొసగి చల్లబడును.

ఆవు అండాశయములు రెండును లోపలనే యుండును. అండమునకు దేహోష్ణతయే తగును. సుమారు 21 దినముల కొకమారు విడుదలయగు అండము అండవాహికలో శుక్రకణముతో కలసినచో, పొట్టేలు కొమ్ములవలె వంగిన రెండు పాయల గర్భాశయమున సుమారు 280 దినములు పెరిగి దూడయగును.

కోడిపుంజు వృషణములన్ననో, సుమారు 41 డిగ్రీల దేహములోపలనే చక్కగా పనిచేయును! ప్రతి ప్రాణికిని తగిన అమరిక వేరు.

కావున బాలలారా, వేసవిలో ఆబోతును నీడపట్టున గట్టి, చల్లని నీరు పెట్టుడు.