పాత కారుకు పెట్రోలు అందకపోతే...

ముంబయి వీధుల్లో ఆఖరి ప్రీమియర్ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నాయి. అయినా మనవాళ్ల ఇళ్లలో ఆ కార్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. అలాంటి కారును బాగుచేయించుకున్నవారికి పనికొస్తుందని మా అనుభవం రాస్తున్నాను.

మా హోసూరు ఇంట్లోని పద్మినిని నాన్నగారు 1979లో కొన్నారు. ఏళ్లతరబడి షెడ్డులో పడివుంటే, రెండేళ్ల కిందట ఇంజను విప్పించి, రంగు వేయించి మళ్లీ నడకకు తెచ్చాం. ఎనభై దాటిన మా అమ్మకు అందులో కృష్ణగిరిలోని చెల్లెలి ఇంటికి వెళ్లాలని కోరిక. కానీ బండి శూలగిరి దాకా చక్కగా నడిచి, ఆ తర్వాత కుదుపులిచ్చి ఆగిపోయేది. పావుగంట ఆగితే మళ్లీ స్టార్టయ్యేది. లారీలు దూసుకొచ్చే హైవే అది. "అవ్వను ఇందులో ఎక్కించొద్దు నాన్నా, అమ్మేద్దాం" అన్నాడు మా అబ్బాయి. ఒక మెకానిక్ కార్బురేటరు మార్చాలన్నాడు, ఇంకొకాయన పంపు మార్చాలన్నాడు.

నేను చదివింది కామర్సు. బ్యాంకులో లెక్క తేడా వస్తే పుస్తకాలన్నీ మార్చెయ్యం కదా! ఎంతవరకు సరిపోయిందో, ఎక్కడ తప్పిందో వరుసగా చూస్తాం. ఇక్కడా అదే చేశాం.

ఈ కారులో పెట్రోలు వెనక టాంకు నుంచి సన్నని గొట్టం గుండా ఇంజను దగ్గరికి వస్తుంది. అక్కడి పంపులో ఒక పొర పైకీ కిందికీ ఆడుతూ పెట్రోలును పీల్చి, కార్బురేటరుకు తోస్తుంది.

మొదటి పరీక్ష: బండి ఆగగానే టాంకు మూత విప్పాం. మూతకున్న గాలిరంధ్రం పూడిపోతే, విప్పగానే 'సుయ్' మని గాలి లోపలికి పోతుంది. మాకు అలా కాలేదు.

రెండో పరీక్ష: ఇంటికొచ్చి, ఇంజను పూర్తిగా చల్లారాక, నిప్పురవ్వ పుట్టకుండా కాయిల్ తీగ విప్పి, కార్బురేటరుకు వచ్చే గొట్టాన్ని సీసాలో పెట్టి స్టార్టరు తిప్పాం. మొదట బలంగా చిమ్మిన ధార కాసేపటికే సన్నగిల్లింది. అంటే లోపం కార్బురేటరుకు ముందే ఉంది.

మూడో పరీక్ష: పంపుకు కొత్త గొట్టం తగిలించి, విడిగా డబ్బాలోని పెట్రోలు అందించాం. ధార తగ్గలేదు. పంపు మంచిదే! ఇక మిగిలింది పంపుకు వచ్చే దారి. అక్కడి రబ్బరు గొట్టం కోసి చూస్తే, పైకి నిగనిగలాడుతున్నా లోపల ఉబ్బి, పొర లేచివుంది. పంపు గట్టిగా పీల్చినప్పుడు ఆ పొర దారికి అడ్డుపడుతోంది. ఇంజను ఆగితే మళ్లీ దారి ఇస్తోంది.

గొట్టానికీ క్లిప్పులకూ మూడు వందల రూపాయలు కూడా కాలేదు. నేనూ మా అబ్బాయీ మూడుసార్లు కృష్ణగిరికి వెళ్లివచ్చాకే అమ్మను ఎక్కించాం.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరును అది ఉబ్బించి మెత్తబరుస్తుంది. తేమనూ పీల్చుకుంటుంది, దాంతో టాంకు తుప్పు పడుతుంది. అందుకే ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలే అడిగి వేయించండి. పంపు పొరను కూడా మార్పించండి. పంపుకు ముందు ఒక ఫిల్టరు పెట్టించండి. బండి కదలని రోజుల్లో టాంకు నిండుగా ఉంచండి.

ఎండాకాలంలో ఇంకో చిక్కు ఉంది. ఇంజను వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోయి బండి ఆగుతుంది. బండి చల్లారనిచ్చి పంపుమీద తడిగుడ్డ వేస్తే కదులుతుంది. అలా కదిలితే గొట్టాన్ని సైలెన్సరు వేడికి దూరంగా జరిపించాలి.

ఈ పరీక్షలన్నీ ఆరుబయట, తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకుని, బకెట్టు ఇసుక దగ్గర ఉంచుకునే చేయండి. పెట్రోలు వాసన వస్తే మాత్రం బండి తీయకండి.