చర్చి గుమ్మం దాకానే చట్టం
కార్మికుడికి న్యాయం చేయాలని శతాబ్దానికి పైగా చెబుతున్న క్రైస్తవ సంఘాలకు కొత్త లేబర్ కోడ్ సొంత బడుల్లో, ఆస్పత్రుల్లోనే పరీక్ష పెట్టింది

నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చినప్పుడు అందరి చూపూ ఒక అంకె మీదే నిలిచింది: 300. అంతకన్నా తక్కువ మంది పనిచేసే ఫ్యాక్టరీని మూసేయాలన్నా, కార్మికులను తగ్గించాలన్నా ఇకపై ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. పాత చట్టంలో ఆ పరిమితి 100. యాజమాన్యాలు సంతోషించాయి, పలు కేంద్ర కార్మిక సంఘాలు రోడ్డెక్కాయి. ఈ హడావుడిలో పెద్దగా చర్చకు రాని చోటు ఒకటుంది. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 'పరిశ్రమ' అంటే ఏమిటో చెప్పే నిర్వచనం. పూర్తిగా గానీ చాలావరకు గానీ దాతృత్వ, సామాజిక సేవలో ఉన్న సంస్థలు నడిపేవి పరిశ్రమలు కావని అది చెబుతోంది. ఇళ్లలో చేసే పని కూడా పరిశ్రమ కాదట.

ఈ రెండు మినహాయింపులూ క్రైస్తవ సంఘాలను నేరుగా తాకుతాయి. మొదటిది వాటిని యజమానులుగా తాకుతుంది. రెండోది పనివాళ్ల తరఫున నిలబడ్డవారిగా.

కూలివాడి గురించి క్రైస్తవం మాట్లాడటం కొత్తేమీ కాదు. పొద్దుగూకేలోగా కూలి ఇచ్చేయాలని ద్వితీయోపదేశకాండం ఆదేశిస్తుంది. పొలం కోసినవారి కూలి బిగబట్టిన ఆసాములను యాకోబు పత్రిక ఘాటుగా దుయ్యబడుతుంది. ఆధునిక కాలంలో దీనికి ఒక రూపం ఇచ్చింది 1891 మే 15న పోప్ 13వ లియో వెలువరించిన 'రేరుమ్ నొవారుమ్' లేఖ. అది సోషలిజాన్ని తోసిపుచ్చింది, సొంత ఆస్తిని సమర్థించింది. అలాగని యజమానులకూ ఊరట ఇవ్వలేదు. కార్మికుడు ఒప్పుకున్నాడు గనుక ఆ జీతం న్యాయమైనదే అనడం చెల్లదంది. గతిలేక ఒప్పుకున్న ఒప్పందం కన్నా మనిషి బతకడానికి చాలినంత వేతనం అన్న సూత్రమే పెద్దదని తేల్చింది. సంఘం పెట్టుకోవడం కార్మికుడి హక్కని కూడా చెప్పింది. పెట్టుబడి కన్నా శ్రమదే ముందు స్థానమని 1981లో రెండో జాన్ పాల్ మరో లేఖలో చెప్పారు. 2025 మేలో ఎన్నికైన పోప్ తనకు లియో అన్న పేరు ఎంచుకోవడానికి ఆ 1891 లేఖ కూడా కారణమన్నారు. కృత్రిమ మేధ తెస్తున్న మార్పుల ముందు శ్రమ గౌరవాన్ని కాపాడాల్సిన అవసరాన్ని ఆయన ప్రస్తావించారు.

మన దేశంలో ఈ మాటలు కాగితానికే పరిమితం కాలేదు. కేరళ తీరంలో సంప్రదాయ మత్స్యకారులను కూడగట్టినవారిలో థామస్ కొచ్చేరి అనే ఫాదర్ ముఖ్యుడు. బెల్జియం నుంచి వచ్చిన సిస్టర్ జీన్ డెవోస్ 1985లో ఇళ్లలో పనిచేసేవారి కోసం జాతీయ ఉద్యమం ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్ 2007లో ఈ పనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి హక్కులపై ఏకంగా ఒక ఒడంబడికే ఆమోదించింది. భారత్ దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. వీరికి ప్రత్యేక చట్టం అవసరమా అన్నది పరిశీలించడానికి కమిటీ వేయాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అదే ఏడాది అమలైన కోడ్ మాత్రం వంటింటిని బయటే ఉంచింది. ఈ మినహాయింపును చర్చి పెద్దలు తప్పుపట్టడం సులువు. చిక్కంతా మొదటి దానితోనే.

దాని వెనక చాలా కథ ఉంది. 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఆస్పత్రులు, విద్యాసంస్థలతోపాటు దాతృత్వ సంస్థలను కూడా చాలావరకు పరిశ్రమ పరిధిలోకి తెచ్చింది. యజమాని ఉద్దేశం ఎంత ఉదాత్తమైనా అక్కడ ఊడ్చే మనిషికి అది కొలువే కదా అన్నది అందులోని తర్కం. 1982లో పార్లమెంటు ఈ సంస్థలను తప్పిస్తూ సవరణ చేసింది గానీ ఏ ప్రభుత్వమూ దాన్ని అమల్లోకి తేలేదు. నాలుగు దశాబ్దాల తర్వాత అందులో ఒక ముక్కకు ప్రాణం వచ్చింది.

ఇక్కడే ఒక మెలిక. కోడ్ చూసేది ఆస్పత్రిని కాదు, దాన్ని నడిపే సంస్థను. రోగి దగ్గర ఫీజు గట్టిగానే వసూలు చేసినా, యజమాని దాతృత్వ సొసైటీ అయితే మినహాయింపు అడగొచ్చు. ఇది ఒక్క చర్చికే కాదు, హిందూ, ముస్లిం ట్రస్టులకూ వర్తిస్తుంది. కనీస వేతనం, ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ వేరే కోడ్‌లలో ఉన్నాయి గనుక ఈ నిర్వచనం వాటి జోలికి పోదు. ఉద్యోగం నుంచి తీసేస్తే ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి, యాజమాన్యంతో బేరమాడే సంఘానికి గుర్తింపు - ప్రమాదంలో పడేవి ఇవి. పంతుళ్లకు ఆ దారి ఎప్పుడూ లేదు. గోవాలో క్రైస్తవ సన్యాసినుల బడిలో పనిచేసిన ఒక టీచర్ కేసులోనే 1988లో సుప్రీంకోర్టు ఉపాధ్యాయులు 'వర్క్‌మన్' కిందికి రారని తేల్చింది. ఇప్పుడు బడి ఆయా, బస్సు డ్రైవరు, వాచ్‌మన్, ఆస్పత్రి నర్సు కూడా ఆ వరసలో చేరే అవకాశముంది.

మిషన్ సంస్థల వాదనలో పసలేదని కాదు. గుంటూరులో 19వ శతాబ్దం చివర్లో అన్నా కుగ్లర్ నెలకొల్పిన ఆస్పత్రి, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం లాంటివి సర్కారు వైద్యం అందని రోజుల్లో పేదలను ఆదుకున్నాయి. మారుమూల చిన్న ఆస్పత్రులకు జీతాల భారం నిజంగానే పెద్దది. కేరళలో 2011-12 నర్సుల సమ్మెల్లోనూ, ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సు కనీస వేతనం నెలకు రూ. 20,000గా ఆ ప్రభుత్వం 2018లో ఖరారు చేసినప్పుడూ యాజమాన్యాలు వినిపించింది ఈ మాటే. సమ్మెల సెగ తగిలినవాటిలో చర్చి ఆస్పత్రులూ ఉన్నాయి. అయితే నర్సు తక్కువ జీతానికి పనిచేయడం వల్లే రోగికి వైద్యం చవగ్గా అందుతుంటే, అక్కడ దానం చేస్తున్నది ట్రస్టు కాదు, నర్సు. అదీ ఆమెను అడగకుండా.

క్యాథలిక్ చర్చి సొంత న్యాయస్మృతిలో 1286వ నిబంధన ఈ విషయంలో సూటిగా ఉంది. చర్చి ఆస్తులు చూసేవారు దేశ కార్మిక చట్టాలను తు.చ. తప్పక పాటించాలి, పనివారికి వారి, వారి కుటుంబ అవసరాలకు సరిపడే న్యాయమైన జీతం ఇవ్వాలి. చట్టమే తప్పుకుంటే ఏం చేయాలో అందులో లేదు. కానీ కోడ్ ఇచ్చింది మినహాయింపే తప్ప నిషేధం కాదు. ఫిర్యాదులు వినే స్వతంత్ర కమిటీ వేయడానికి, సంఘాన్ని గుర్తించడానికి, తొలగింపునకు ముందు విచారణ జరపడానికి ఏ డయాసిస్‌కైనా అడ్డు లేదు.

మిషన్ బడి ఆయా ఒకామె తనను తీసేశారంటూ ట్రిబ్యునల్ తలుపు తట్టే రోజు రాకపోదు. ఆమెను తీసేయడం సబబా కాదా అన్నది తర్వాతి మాట. తన సంస్థ పరిశ్రమ కాదు, దాతృత్వం అని వాదించమని లాయరుకు చెప్పాలో వద్దో బిషప్ అంతకుముందే తేల్చుకోవాలి.