వేరు రాని కొమ్మకు ఎండ గండం

నిండుగా ఎదిగిన మందార చెట్టు రోహిణి కార్తె ఎండల్లో కూడా పూలు పూస్తూనే ఉంటుంది. దాని నుంచే కోసి పక్క కుండీలో గుచ్చిన కొమ్మ మాత్రం రెండు రోజుల్లో వాడిపోయి, మూడో రోజుకల్లా ఆకులు గోధుమ రంగుకు తిరిగి ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది. జాతి ఒకటే, మిద్దె ఒకటే, పడే ఎండా ఒకటే. చెట్టుకు వేళ్లున్నాయి, కొమ్మకు లేవు. వేసవిలో కొమ్మలు నాటి నష్టపోయేవాళ్లు సాధారణంగా తప్పంతా ఎండ మీదికి నెడతారు. నిజానికి ఆ కొమ్మను చంపేది ఎండ ఒక్కటే కాదు, ఎండ అడిగినన్ని నీళ్లు ఇచ్చుకోలేని దాని నిస్సహాయత కూడా.

రాబడి లేని ఖర్చు

ఆకుల అడుగున కంటికి కనబడని పత్రరంధ్రాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. వాటి గుండా నీరు ఆవిరై బయటికి పోతుంటుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారు. మొక్క తనను తాను చల్లబరచుకునే ముఖ్యమైన పద్ధతి ఇదే. ఒక గ్రాము నీటిని సున్నా డిగ్రీల నుంచి మరిగే దాకా వేడి చేయడానికి 100 కేలరీలు చాలు. అదే గ్రాము నీరు ఆకు మీది నుంచి ఆవిరైపోవడానికి దాదాపు 580 కేలరీలు కావాలి. ఆ వేడినంతా ఆకు నుంచే లాక్కుపోతుంది కాబట్టి మండుటెండలో కూడా నీళ్లు అందుతున్న చెట్టు ఆకు చేతికి చల్లగా తగులుతుంది.

ఇప్పుడు గాలి సంగతి చూద్దాం. 28 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న వానాకాలపు రోజున ఘనమీటరు గాలి ఇంకా సుమారు 5 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టగలదు. 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మే నెల మధ్యాహ్నం అదే ఘనమీటరు గాలికి 41 గ్రాముల చోటుంటుంది. అంటే గాలి దాహం ఏడెనిమిది రెట్లు పెరుగుతుంది. చెట్టుకైతే వేళ్ల ద్వారా రాబడి ఉంది కాబట్టి ఈ ఖర్చును తట్టుకుంటుంది. కొమ్మ ముక్కకు మాత్రం కోసిన చోటు నుంచి, కాండం చర్మం నుంచి పీల్చుకునే కాస్త నీరే ఆధారం. రాబడి చాలదని తెలియగానే అది పత్రరంధ్రాలను మూసేస్తుంది. దాంతో నీటి ఖర్చు తగ్గుతుంది గానీ చల్లబడే దారి కూడా మూసుకుపోతుంది. గాలి కదలని చోట, నేరుగా ఎండ పడే ఆకు చుట్టూ ఉన్న గాలి కన్నా 5 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. బయట 42 ఉంటే ఆకులో 50 అవుతుందన్నమాట. చాలా మొక్కల్లో ఆకు కణాల పొరలూ, ప్రోటీన్లూ 45-50 డిగ్రీల మధ్యనే చెడిపోవడం మొదలవుతుంది.

ఆకు లోపల జరిగేది

వేడితో బాటు వెలుతురు చేసే హాని కూడా ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. వేరు రాని కొమ్మకు అవసరమైనది సుమారు 10 వేల లక్స్. మిగతా వెలుతురుతో అది చేయగలిగిందేమీ లేదు. పత్రరంధ్రాలు మూసి ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. కానీ పత్రహరితం వెలుతురును పీల్చుకోవడం ఆపదు. అలా మిగిలిపోయిన శక్తి ఆక్సిజన్‌ను చురుకైన, హానికరమైన రూపాల్లోకి మారుస్తుంది. అవి చుట్టూ ఉన్న పొరలనూ, పత్రహరితాన్నీ విరిచేస్తాయి. మనకు తెల్లగా పాలిపోయి కనబడే మచ్చ అదే.

ఆకు మరీ నిస్సహాయంగా ఏమీ ఉండదు. ఎండ ఎక్కువైతే కణంలోని హరితరేణువులు పక్క గోడల వైపు జరిగి ఒకదాని నీడలో ఒకటి నిలబడతాయి. కెరొటినాయిడ్ జాతి పసుపు వర్ణకాలు రూపం మార్చుకుని మిగులు శక్తిని వేడిగా బయటికి పంపేస్తాయి. వెలుతురు దెబ్బకు ముందుగా విరిగేది డి1 అనే ప్రోటీన్. దాన్ని ఆకు రోజంతా తీసేస్తూ కొత్తది పెట్టుకుంటూ ఉంటుంది. విరిగే వేగం, మరమ్మతు వేగం సమానంగా ఉన్నంతసేపు పైకి ఏమీ తెలియదు. వేడి ఎక్కువై, నీరు చాలక మరమ్మతు వెనకబడితే మాత్రం ఆకు మాడుతుంది.

ఉష్ణమండలానిదైతే ఎండ భయం ఉండదా?

ఇది చాలామందికి వచ్చే సందేహం. మనీప్లాంట్ సొంత ఊరు పసిఫిక్ మహాసముద్రంలోని మోరెయా ద్వీపం. అక్కడ అది చెట్ల మొదళ్లను పట్టుకుని పైకి పాకే అడవి తీగ. ఉష్ణమండలపు అడవిలో నేల దాకా దిగే వెలుతురు పైన పడే దానిలో ఒకటి రెండు శాతమే. అలాంటి మొక్కలకు వేడి అలవాటే గానీ నేరుగా పడే ఎండ, పొడి గాలి అలవాటు లేవు. మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చిన దేవగన్నేరు ఇందుకు పూర్తిగా భిన్నం. దాని లావాటి కాండంలో నీరు నిల్వ ఉంటుంది. పాలు కారడం ఆగి గాయం ఆరేదాకా వారం పాటు నీడలో పడేసినా చావదు. అయినా, ఇన్నాళ్లు చెట్టు నీడలో ఉన్న కాండం వైపును తెచ్చి పడమటి ఎండకు తిప్పితే ఆ చర్మం కూడా కమిలి మెత్తబడుతుంది.

అంటే జాతి ఒక్కటే చూస్తే చాలదు, ఆ ఆకు ఏ వెలుతురులో పుట్టిందో కూడా చూడాలి. నీడలో విచ్చుకున్న ఆకు పలచగా, వెడల్పుగా ఉంటుంది. ఎండలో విచ్చుకున్నది మందంగా, చిన్నదిగా, ఎక్కువ కణాల వరసలతో తయారవుతుంది. నీడ ఆకును ఎండలో పెట్టినంత మాత్రాన అది ఎండ ఆకుగా మారిపోదు. ఎండకు పూర్తిగా తగిన ఆకులు ఆ తర్వాత వచ్చే చిగుళ్లతోనే వస్తాయి.

మచ్చను చదవడం

ఎండ దెబ్బకూ తెగులుకూ తేడా తెలియక మందులు కొట్టేవాళ్లున్నారు. ఎండ మచ్చ సూర్యుడికి ఎదురుగా ఉన్న ఆకుల మీద, ముఖ్యంగా పైకి తిరిగి ఉన్న భాగంలో వస్తుంది. ముందు తెల్లగానో లేత పసుపుగానో పాలిపోయి, ఒకటి రెండు రోజుల్లో గోధుమ రంగు కాగితంలా ఎండుతుంది. జాగ్రత్తగా చూస్తే ఒక విశేషం కనబడుతుంది: పై ఆకు నీడ ఎక్కడ పడిందో అంతమేర, అదే ఆకారంలో, కింది ఆకు పచ్చగా మిగిలి ఉంటుంది. అలాంటి గుర్తు ఏ తెగులూ వదలదు. నీడలోకి మార్చాక ఈ మచ్చ పెరగదు. చుట్టూ పసుపు వలయంతో రోజురోజుకీ పాకుతుంటే అది తెగులు. కొసలు, అంచులు మాత్రమే ఎండుతుంటే నీరు చాలకపోవడమో, ఉప్పు ఎక్కువవడమో కారణం.

మాడిన ఆకును వెంటనే గిల్లేయకండి. మిగిలిన పచ్చని భాగం తయారుచేసే చక్కెరలే కొత్త వేళ్లకు ఆహారం.

నీడ ఎంత, ఎటువైపు?

తమలపాకు తీగను పెంచేది కణుపులున్న తీగ ముక్కలతోనే. మన రైతులు తీగ కన్నా ముందే అవిసె నాటి, అది ఎదిగాక దాని నీడలో తీగ ముక్కలు పెడతారు. తర్వాత కాలాన్ని బట్టి అవిసె కొమ్మలు నరుకుతూ నీడను సరిచేస్తారు. నీడ ఎంతుండాలో ఒకసారి తేల్చేసి వదిలేయకూడదని, కాలంతో పాటు మార్చుకుంటూ పోవాలని ఈ సేద్యం ఎప్పుడో గుర్తించింది.

ఈ రోజుల్లో అవిసె పని షేడ్ నెట్ చేస్తోంది. దాని మీద రాసి ఉండే 50, 75, 90 అంకెలు ఎంత శాతం వెలుతురును ఆపుతుందో చెబుతాయి. లెక్క సులువే. మధ్యాహ్నపు లక్ష లక్స్‌లో 50 శాతం నెట్ కింద 50 వేలు మిగులుతాయి. కొత్త కొమ్మకు ఇది చాలా ఎక్కువ. 75 శాతం నెట్ కింద 25 వేలు. ఆ నెట్ కింద మళ్లీ ఒక పెద్ద మొక్క నీడలోనో, తూర్పు గోడ పక్కనో పెడితే కొమ్మకు సరిపడే వెలుతురుకు దగ్గరపడతాం. అలాగని చీకటి గదిలో పెట్టకూడదు. వెలుతురు లేకపోతే ఆకులో చక్కెర తయారుకాదు, వేరూ రాదు.

నెట్‌ను మొక్కల నెత్తిన పరిచేయకూడదు. అది ఎండకు కాగి, కింద గాలి ఆడక ఆకులు ఉడికిపోతాయి. కనీసం మనిషి ఎత్తున కట్టి, పక్కలు వదిలేయాలి. ఒక్క పడమటి వైపు మాత్రం కిందికి దించి కట్టాలి. పొద్దుటి ఎండకూ సాయంత్రపు ఎండకూ వెలుతురులో పెద్ద తేడా లేకపోయినా, మూడు గంటల వేళకు గాలి, గోడ, మట్టి అన్నీ కాగి ఉంటాయి. అందుకే పడమటి ఎండే ప్రమాదకరం. నెట్ దొరక్కపోతే కొబ్బరి మట్టలతో వేసిన చలువ పందిరి ఏమాత్రం తీసిపోదు.

అడుగు నుంచి వచ్చే వేడి

పైన నీడ వేసి కింది సంగతి మరిచిపోతే ఫలితం ఉండదు. మే నెలలో సిమెంటు మిద్దె పైభాగం 50 డిగ్రీలు దాటడం మామూలే. దాని మీద పెట్టిన నల్ల పాలిథిన్ కవర్లో మట్టి, ఎండ తగిలే వైపున, అంతే కాగుతుంది. ఉష్ణమండలపు మొక్కల కొమ్మల్లో వేళ్లు చక్కగా పుట్టేది 25-30 డిగ్రీల మధ్య. 40 దాటితే లేత వేరు మొనలు చచ్చిపోతాయి. పైగా నీరు కాగేకొద్దీ దానిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.3 మిల్లీగ్రాములుంటే, 40 దగ్గర 6.4 మాత్రమే. వేడికి కణాలకు ఆక్సిజన్ ఎక్కువ అవసరమవుతుంటే, అందేది తగ్గిపోతుంది. వేసవిలో తడి ఎక్కువైన కొమ్మ మొదలు కుళ్లడానికి ఇదొక కారణం.

కాబట్టి కుండీలను ఇటుకల మీదో చెక్క మీదో ఎత్తి పెట్టండి. చిన్న కవర్లను దగ్గరదగ్గరగా పేర్చి, బయటి వరసకు తడి గోనెపట్టా చుట్టండి. నల్ల కవర్ల కన్నా తెల్లవి, వాటికన్నా మట్టి కుండలు మేలు. మట్టి కుండ గోడల గుండా నీరు ఆవిరవుతూ లోపలి మట్టిని చల్లబరుస్తుంది. నీళ్లు తెల్లవారుజామున పోయడం మంచిది. మధ్యాహ్నం పోయాల్సి వస్తే, పైపులో నిలిచి కాగిన నీటిని ముందు వదిలేశాకే కుండీకి పెట్టండి.

తేమ కవరు, నీటి చుక్కలు

1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ మూతపెట్టిన గాజు సీసాలో ఫెర్న్ మొక్క తనంతట తాను పెరగడం గమనించాడు. లోపలి తేమ బయటికి పోదు కాబట్టి నీళ్లు పోయకపోయినా బతికింది. 1833లో అలాంటి గాజు పెట్టెల్లో మొక్కలను ఓడ మీద సిడ్నీకి పంపాడు. కొమ్మ మీద మనం కప్పే పారదర్శక పాలిథిన్ కవరు చేసేదీ అదే పని. గాలిలో తేమ పెరిగితే ఆకు ఖర్చు తగ్గుతుంది. అయితే ఇది నీడలో మాత్రమే పనిచేస్తుంది. నేరుగా ఎండ తగిలితే కవరు లోపలి గాలి కొద్దిసేపటికే బయటి కన్నా పది డిగ్రీలకు పైగా కాగుతుంది. నీడలోనైనా రోజుకొకసారి కవరు తెరిచి గాలి ఆడనివ్వాలి, లేదంటే బూజు పడుతుంది.

ఆకుల మీద నీళ్లు చల్లితే చుక్కలు భూతద్దాల్లా పనిచేసి ఆకును కాలుస్తాయని చాలామంది నమ్ముతారు. హంగరీ శాస్త్రవేత్త గాబోర్ హోర్వాత్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో నున్నటి ఆకుల మీద అలా జరగదని తేలింది. మైనపు నూగు చుక్కను ఆకు నుంచి కాస్త ఎత్తున నిలబెట్టే సాల్వినియా లాంటి మొక్కల్లోనే కాలిన మచ్చలు కనబడ్డాయి. కాబట్టి మధ్యాహ్నం నీళ్లు చల్లడానికి భయపడనక్కర్లేదు. సాయంత్రం బాగా పొద్దుపోయాక చల్లి, రాత్రంతా ఆకులు తడిగా ఉంచితేనే తెగుళ్లు వస్తాయి.

నాటేముందే ఖర్చు తగ్గించుకోవచ్చు. రెండు మూడు ఆకులు మాత్రమే ఉంచి, మందార లాంటి వెడల్పాటి ఆకులను సగానికి కత్తిరించాలి. మొగ్గలు, పూలు తీసేయాలి. వేరు పట్టేదాకా ఎరువు వేయకూడదు.

చిగురును చూసి మోసపోవద్దు

గుచ్చిన కొమ్మకు చిగురు రాగానే బతికిందనుకుని ఎండలోకి మార్చడం వల్ల చాలా కొమ్మలు పోతాయి. కాండంలో దాచిన ఆహారంతో వేరు లేకుండానే చిగురు రావచ్చు. మందారకు నెల, క్రోటన్లకు నెలన్నర, దేవగన్నేరుకు రెండు నెలల దాకా ఓపిక పట్టాలి. మెల్లగా లాగి చూస్తే కొమ్మ పట్టు వదలకపోతే వేరు పట్టినట్టు. అప్పుడు మొదట పొద్దుటి ఎండలో అరగంట, రెండు మూడు రోజులకొకసారి మరో అరగంట చొప్పున పెంచుతూ రెండు వారాల్లో బయటికి తేవాలి. ఆ మధ్యలో వడగాడ్పు హెచ్చరిక వస్తే మళ్లీ నీడలోకి మార్చడానికి వెనకాడొద్దు.

మధ్యాహ్నం ఆకులు వేలాడుతున్నాయని కంగారుగా నీళ్లు గుమ్మరించకండి. ముందు వేలు పెట్టి మట్టి చూడండి. పొడిగా ఉంటే పోయండి. తడిగానే ఉంటే ఆ కొమ్మకు కావాల్సింది నీడ.

అసలు తొందరేమీ లేకపోతే మే నెలలో కొమ్మలు నాటకపోవడమే మంచిది. జూన్ రెండో వారంలో మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి పడి గాలిలో తేమ పెరిగాక నాటితే, పైన చెప్పిన పనుల్లో సగం వాతావరణమే చేసిపెడుతుంది.