పొట్టలో వెలుగు... కడలిలో మాయం!

సొరచేప అనగానే భారీ శరీరం, రంపంలాంటి పళ్లూ గుర్తొస్తాయి. కానీ జానెడు పొడవుకే ఎదుగుదల ఆగిపోయే సొర ఉందంటే నమ్ముతారా? కొలంబియా, వెనెజువెలా తీరాల్లో దాదాపు 300 మీటర్ల లోతున తిరిగే మరుగుజ్జు లాంతరు సొర అలాంటిదే. 1985లో శాస్త్రవేత్తలు దీన్ని కొత్త జాతిగా ప్రకటించారు. 40కి పైగా జాతులున్న లాంతరు సొరల కుటుంబంలో ఇదే బుల్లిది.

దీపం పెట్టుకుని దాక్కుంటాయి!
దాక్కోవాలంటే ఎవరైనా దీపం ఆర్పేస్తారు. ఇవి వెలిగించుకుంటాయి. ఆ లోతుకి చేరేది మసక నీలి వెలుగే. కింద పొంచి ఉన్న శత్రువు తల పైకెత్తితే ఆ వెలుగులో సొర నీడ నల్లగా కనిపిస్తుంది. అందుకే పొట్ట మీది చిన్నచిన్న కాంతి అవయవాలతో సరిగ్గా అంతే వెలుగుని కిందికి చిమ్ముతుంది. ఇంకేముంది, నీడ మాయం! విశేషమేంటంటే, మనకు నిద్రవేళ అయిందని చెప్పే మెలటోనిన్ హార్మోనే వీటికి స్విచ్చు. బెల్జియం పరిశోధకులు 2009లో ఈ గుట్టు విప్పారు.

పిల్లలు పెట్టిన పేరు
మధ్య అమెరికా పసిఫిక్ తీరంలో దొరికిన ఓ నల్లని జాతికి 2015లో 'నింజా లాంతరు సొర' అని పేరుపెట్టారు. ఆ ఆలోచన పరిశోధకురాలిది కాదు, ఆమె బంధువుల పిల్లలది. శాస్త్రీయ నామంలో మాత్రం 'జాస్' నవలా రచయిత పీటర్ బెంచ్లీ ఉన్నారు. సొరలంటే జనం హడలిపోయేలా రాసిన ఆయనే తర్వాత వాటి రక్షణ కోసం పాటుపడ్డారు మరి!

వలకి మాత్రం చిక్కుతాయి
శత్రువు కళ్లుగప్పే ఈ విద్య సముద్రపు అడుగుని ఊడ్చే వలల ముందు పనిచేయదు. వేరే చేపల కోసం వేసిన వలల్లో ఇవీ పడుతుంటాయి. లోతు సముద్రపు సొరలు నెమ్మదిగా ఎదుగుతాయి, తక్కువ పిల్లల్నే కంటాయి. పోయినవాటి లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది. పైగా వీటి దగ్గరి చుట్టాలైన గల్పర్ సొరల్ని కాలేయంలోని స్క్వాలీన్ నూనె కోసం వేటాడుతున్నారు. అది చేరేది సౌందర్య క్రీముల్లోకి. లోతు నీళ్లలోని సొరలు, రే చేపల్లో ప్రతి ఏడు జాతుల్లో ఒకటి ముప్పులో ఉందని 2024లో ఓ అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది.

యూరోపియన్ యూనియన్ 2016లో తన జలాల్లో 800 మీటర్ల కన్నా లోతున అడుగు వలల్ని నిషేధించింది. ఇక స్క్వాలీన్ అంటారా, ఆలివ్, చెరకుల నుంచీ తయారవుతోంది. క్రీము కొనేటప్పుడు డబ్బా మీద 'మొక్కల నుంచి తీసింది' అని ఉందో లేదో చూస్తే, ఎక్కడో చీకట్లో వెలిగే ఓ దీపానికి మనమూ చెయ్యి అడ్డుపెట్టినట్టే!